కొరమీనులా కనిపించే బోఫిన్: పది పేర్లున్న పాత చేపను గుర్తుపట్టడం, పట్టడం, వండటం

మీరు పంపిన ఫొటోలో ఉన్నది కొరమీను కాదండి, బోఫిన్ అనే ఉత్తర అమెరికా చేప. శాస్త్రీయ నామం ఏమియా కాల్వా. రెండో ఫొటోలో చేప పక్కకి ఒరిగి ఉంది కాబట్టి మలద్వారం వెనకున్న కింది రెక్క స్పష్టంగా కనబడుతోంది. అది కనబడ్డాక ఇంక అనుమానం అక్కర్లేదు.

తర్వాత చదివేవాళ్ల కోసం మీ ప్రశ్న క్లుప్తంగా మళ్లీ రాస్తున్నాను. నార్త్ కరోలినా తూర్పు వైపు, సైప్రస్ చెట్ల మధ్య నల్లటి నీళ్లలో గాలానికి రెండు అడుగుల చేప పడింది, మీ వేలికి గాయమైంది. ఒడ్డున ఒకాయన బ్లాక్‌ఫిష్ అన్నాడు, ఇంకొకాయన మడ్‌ఫిష్ అన్నాడు, ఫోన్‌లో యాప్ స్నేక్‌హెడ్ అంది. స్నేక్‌హెడ్ అయితే చంపెయ్యాలంటారు, చంపాలా? కొరమీనులా పులుసు పెట్టుకోవచ్చా? జన (గుడ్లు) తినొచ్చా? ఇంట్లో చిన్నపిల్లలున్నారు.

ముందు గుర్తుపట్టడం సంగతి, ఎందుకంటే మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. స్నేక్‌హెడ్లంటే మన కొరమీను కుటుంబమే. పైనుంచి చూస్తే బోఫిన్‌కీ వాటికీ తేడా పట్టడం కష్టం. పొడవాటి గుండ్రటి ఒళ్లు, వీపంతా పరుచుకున్న ఒకే రెక్క, గుండ్రటి తోక, పెద్ద నోరు, లోపల పళ్లు, గాలి పీల్చడానికి నీటి పైకి రావడం, పిల్లల్ని కాపలా కాయడం, అన్నీ రెంటికీ ఉన్నాయి. అందుకని చేపను తిప్పి పొట్ట వైపు చూడాలి.

మలద్వారం వెనక, తోకకు ముందు ఒక రెక్క ఉంటుంది. బోఫిన్‌కి అది పొట్టిది, 9 నుంచి 12 ముళ్ల వరకే. వీపు రెక్కలో మాత్రం 42 నుంచి 53 దాకా ఉంటాయి. స్నేక్‌హెడ్‌కి కింది రెక్క కూడా పొడుగే. అమెరికాలో పాతుకుపోయిన నార్తర్న్ స్నేక్‌హెడ్‌కి కింద 31, 32 ముళ్లు ఉంటాయి. మన కొరమీనుకి 23 నుంచి 29. లెక్కపెట్టే ఓపిక లేకపోతే ఒకటి చాలు: కింది రెక్క వీపు రెక్కలో సగం కంటే పొడుగ్గా ఉంటే స్నేక్‌హెడ్, అరచేతి వెడల్పులో ముగిసిపోతే బోఫిన్.

రెండో గుర్తు కడుపు మీదున్న జత రెక్కలు. బోఫిన్‌కి అవి పొట్ట మధ్యలో, మొప్పలకి చాలా వెనకగా ఉంటాయి. కొరమీనుకి మొప్పల పక్క రెక్కల దగ్గరే, దాదాపు వాటి కిందే ఉంటాయి. మూడోది గడ్డం కింద. బోఫిన్ కింది దవడ రెండు ఎముకల మధ్య చదునైన ఎముక పలక ఒకటి ఉంటుంది, బొటనవేలితో నొక్కితే గట్టిగా తగులుతుంది. కొరమీనుకి అక్కడ మెత్తటి చర్మమే. ఇంకొకటి, బోఫిన్ తల మీద పొలుసులు ఉండవు, నున్నటి ఎముక. కొరమీను తల మీద పెద్ద పొలుసులు పాము తలలా పేర్చినట్టు ఉంటాయి, ఆ ఇంగ్లీషు పేరు అందుకే వచ్చింది. బోఫిన్ ముక్కు రంధ్రాల దగ్గర చిన్న గొట్టాల్లాంటివి ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి, వాటిని చూసి కొందరు మీసాలనుకుని క్యాట్‌ఫిష్ అంటారు.

తోక మొదట్లో ఉండే నల్ల మచ్చను మాత్రం నమ్మొద్దు. చాలామంది, మీకు సలహా ఇచ్చిన వాళ్లతో సహా, "మచ్చ ఉంటే బోఫిన్" అని తేల్చేస్తారు. మగ బోఫిన్‌కి తోక పైభాగంలో నారింజ లేదా పసుపు అంచుతో నల్ల మచ్చ ఉన్నమాట నిజమే. కానీ ఆడదానికి అది మసగ్గా ఉంటుంది, ఒక్కోసారి అసలు ఉండదు. పైగా దక్షిణ ఫ్లోరిడాలో బుల్స్‌ఐ స్నేక్‌హెడ్ అనే చేప ఉంది, 2000లో టామరాక్ దగ్గర మొదట దొరికింది. అది కొరమీనుకి పెద్దన్న లాంటిది. దాని తోక దగ్గరా నారింజ అంచున్న నల్ల మచ్చే ఉంటుంది! ఫ్లోరిడాలో చేపలు పట్టే మనవాళ్లు మచ్చను చూసి బోఫిన్ అనుకుని నీళ్లలో వదిలేస్తే తప్పు చేప వదిలినట్టే. రంగు, మచ్చ, ఒంటి మీది చారలు ఇవేవీ వద్దు. కింది రెక్క చూడండి.

యాప్ ఎందుకు పొరబడిందో మీ మొదటి ఫొటో చూస్తే అర్థమవుతుంది. పైనుంచి తీశారు, కింది రెక్క గడ్డిలో దాక్కుంది. చేపను తడి గడ్డి మీద పక్కకి పడుకోబెట్టి, కింది రెక్కను వేలితో విప్పి పట్టుకుని, అడ్డంగా ఒక ఫొటో, గడ్డం కింద ఒక ఫొటో తియ్యండి. ఎవరిని అడిగినా ఆ రెండూ చాలు.

ఇక పేర్ల గొడవ. బ్లాక్‌ఫిష్ అన్నాయనా మడ్‌ఫిష్ అన్నాయనా ఇద్దరూ కరెక్టే, ఒకే చేపను రెండు ఊళ్ల పేర్లతో పిలిచారు. కరోలినాల్లో బ్లాక్‌ఫిష్. ఫ్లోరిడా, జార్జియా వైపు మడ్‌ఫిష్. టెక్సస్, ఆర్కన్సా వైపు వెళితే గ్రిన్నెల్ లేదా గ్రిండిల్. లూసియానాలో షూపిక్, ఇది చాక్టా జాతివాళ్ల మాట నుంచి ఫ్రెంచి నోళ్లలో పడి వచ్చింది. మిషిగన్, మిన్నెసోటా లాంటి ఉత్తరాది రాష్ట్రాల్లో డాగ్‌ఫిష్. ఇవి కాక సైప్రస్ ట్రౌట్, బీవర్‌ఫిష్, కాటన్‌ఫిష్, కొన్నిచోట్ల లాయర్. ట్రౌట్‌తో దీనికి ఏ చుట్టరికమూ లేదు. దూది చేప అని ఎందుకన్నారో వంట దగ్గర చెబుతాను, అది మీకు పనికొచ్చే సంగతి.

ఈ పేర్లతో చిక్కేమిటంటే వీటిలో కొన్ని ఈ ఒక్క చేపకే సొంతం కావు. డాగ్‌ఫిష్ అంటే సముద్రం ఒడ్డున చిన్న సొర. బ్లాక్‌ఫిష్ అంటే న్యూయార్క్ వైపు టాటోగ్ అనే సముద్రపు చేప. లాయర్ అని గ్రేట్ లేక్స్ దగ్గర బర్బట్‌నీ అంటారు, దానికి గడ్డం మీద ఒక మీసం, వీపు మీద రెండు రెక్కలు ఉంటాయి. మడ్‌ఫిష్ అని ఫిలిప్పీన్స్‌వాళ్లు ఏకంగా కొరమీనునే పిలుస్తారు. అందుకే ఆసియా దుకాణంలో "మడ్‌ఫిష్" అని రాసి ఉన్న ఫ్రోజెన్ ప్యాకెట్‌నీ, ఫ్లోరిడా జాలరి చెప్పే మడ్‌ఫిష్‌నీ ఒకటే అనుకోకండి. రూల్ బుక్‌లో వెతికేటప్పుడు బోఫిన్ అన్న పేరుతోనే వెతకండి, మిగతా పేర్లు చాలా రాష్ట్రాల పుస్తకాల్లో కనబడవు.

శాస్త్రీయ నామంలోనూ ఈమధ్య మార్పు వచ్చింది. స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ 1766లో ఏమియా కాల్వా అని పేరు పెట్టినప్పటి నమూనా దక్షిణ కరోలినాలోని చార్ల్‌స్టన్ నుంచి వెళ్లింది. ఆ తర్వాత ఎవరెవరో వేరే పేర్లు పెట్టినా అన్నీ ఒకటేనని కలిపేశారు. 2022లో జన్యువులూ ఎముకలూ పోల్చి చూసి రెండు జాతులున్నాయని తేల్చారు. గ్రేట్ లేక్స్, మిసిసిపీ వైపు ఉన్నదానికి 1836 నాటి ఏమియా ఆసెల్లికాడా అన్న పేరు తిరిగి తెచ్చారు. మీ తూర్పు తీరంలో ఉన్నది పాత కాల్వాయే. ఒడ్డున పట్టేవాడికి దీనివల్ల తేడా ఏమీ రాదు.

"ఆదిమ చేప" అంటే ఏమిటని కింద వ్యాఖ్యల్లో ఒకరు అడిగారు. బోఫిన్ కుటుంబానికి చెందిన చేపలు డైనోసార్ల కాలంలో, జురాసిక్ యుగం నుంచీ ఉన్నాయి. ఆసియా, యూరప్, దక్షిణ అమెరికా, ఆఫ్రికాల్లోనూ వాటి శిలాజాలు దొరికాయి. ఇప్పుడు ఉత్తర అమెరికాలో తప్ప ఎక్కడా మిగల్లేదు. బతికున్నవాటిలో దీనికి దగ్గర చుట్టం గార్ చేప. కొరమీను ఆ వంశం కాదు, కొత్త తరం చేపల్లోది. మన గౌరామి చేపలకి దగ్గరిది. పోలికలన్నీ ఒకే రకం బురద నీళ్లలో, ఒకే రకం వేటతో బతకడం వల్ల విడివిడిగా వచ్చినవే. గాలి పీల్చే పద్ధతి కూడా వేరు. కొరమీనుకి మొప్పల పైన తలలో ప్రత్యేకమైన అర ఉంటుంది. బోఫిన్ గాలి తిత్తినే ఊపిరితిత్తిలా వాడుకుంటుంది. నీరు 10 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడితే దాదాపు మొప్పలతోనే గడిపేస్తుంది, వేసవిలో నీరు వేడెక్కేకొద్దీ పైకి రావడం ఎక్కువవుతుంది. కొరమీను ఎండాకాలం చెరువు ఎండితే బురదలో దాక్కుని బతుకుతుంది. బోఫిన్ కూడా అలాగే బతుకుతుందని పాత పుస్తకాల్లో రాశారు గానీ, ప్రయోగాల్లో నీళ్ల బయట కొద్ది రోజులకే చచ్చిపోయింది.

చంపాలా వద్దా? వద్దు. బోఫిన్ అక్కడి సొంత చేప, ఎక్కడినుంచో వచ్చి పడింది కాదు. ఒకప్పుడు, గాలం వేసేవాళ్లు ఇష్టపడే బాస్ చేపల్ని తినేస్తుందని ఒడ్డున పడేసి చంపేవాళ్లు, ఇప్పటికీ కొందరు ఆ పని చేస్తారు. అది ఎక్కువగా తినేది క్రాఫిష్ (రొయ్యలాంటి మంచినీటి జీవి), చిన్నచిన్న చేపలు, కప్పలు. చెరువులో చిన్న చేపలు లెక్కకు మించి పుట్టి ఎదక్కుండా ఉండిపోయే సమస్యను ఇలాంటి వేటచేపలే తగ్గిస్తాయి. ఉంచుకుని తినదల్చుకుంటే ఉంచుకోండి, లేకపోతే నీళ్లలో వదలండి.

నిజంగా స్నేక్‌హెడ్ పడితే మాత్రం కథ వేరు. 2002లో మేరీలాండ్‌లోని క్రాఫ్టన్‌లో ఒక చెరువులో నార్తర్న్ స్నేక్‌హెడ్లు దొరికి దేశమంతా గోల అయింది. అదే ఏడాది ఫెడరల్ ప్రభుత్వం కొరమీను కుటుంబం మొత్తాన్ని హానికర జంతువుల జాబితాలో చేర్చింది. అంటే తెలంగాణ రాష్ట్ర చేపను ప్రాణంతో అమెరికాలోకి తేవడానికి వీల్లేదన్నమాట. ఫ్రోజెన్ కొరమీను మాత్రం బంగ్లాదేశీ దుకాణాల్లో "షోల్" అన్న పేరుతో దొరుకుతుంది, దానికి అభ్యంతరం లేదు. చాలా రాష్ట్రాల్లో బతికున్న స్నేక్‌హెడ్‌ను దగ్గర పెట్టుకోవడమే నేరం. అందుకని పట్టినచోటే చంపాలి, నీళ్లలో వదలకూడదు, నీళ్ల బకెట్లో వేసుకుని ఇంటికి తేకూడదు. గాలి పీల్చే చేప కదా, ఐస్ పెట్టెలో వేసినా గంటల తరబడి బతికే ఉంటుంది. తల మీద గట్టిగా కొట్టి, మొప్పలు కోసి రక్తం పోనివ్వాలి. పట్టిన చోటు ఫోన్ మ్యాప్‌లో గుర్తుపెట్టుకుని, ఫొటోలు తీసి, చేపను ఫ్రీజర్లో పెట్టి, రాష్ట్ర వన్యప్రాణి శాఖకు ఫోన్ చెయ్యాలి. జార్జియాలో 2019లో ఒక చెరువులో బయటపడినప్పుడు ఆ రాష్ట్రం జనానికి చెప్పిందీ ఇదే. మేరీలాండ్‌వాళ్లు పట్టి తినమని ఎంత చెప్పినా జనం ఆ పేరుకే జడుసుకుంటున్నారని 2024లో చట్టం చేసి మరీ "చెసపీక్ చానా" అని పేరు మార్చారు. కొరమీను కోసం పడిచచ్చే మనవాళ్లను అడిగి ఉంటే పేరు మార్చే శ్రమ తప్పేది.

మళ్లీ పడితే ఎలా విడిపించాలో చెబుతాను, మీ వేలి గాయం చూశాక ఇది రాయక తప్పదు. బోఫిన్ నోట్లోకి వేలు పెట్టకూడదు, బాస్ చేపను పట్టినట్టు కింది పెదవి పట్టి ఎత్తకూడదు. పళ్లు సూదుల్లా ఉంటాయి, కరిచాక ఒళ్లు మెలితిప్పుతుంది, అప్పుడే చర్మం చీరుకుపోతుంది. రబ్బరు వలతో ఎత్తి, వలలోనే తడిగుడ్డ కప్పి తల వెనక మెడ దగ్గర గట్టిగా అదిమి పట్టండి. పొడుగు ముక్కున్న పట్టకారుతో కొక్కెం తీయండి. కొక్కెం గొంతులోకి దిగిపోతే లాగొద్దు, దారం కత్తిరించి వదిలెయ్యండి. ఒడ్డున ఎండలో ఐదు నిమిషాలున్నా చావదు గానీ ఒంటి మీది జిగురు ఎండిపోతే చర్మం పాడవుతుంది, కాబట్టి తడి తగ్గనివ్వొద్దు.

పట్టడానికి ఖరీదైన సామాను అక్కర్లేదు. 30 పౌండ్ల అల్లిక దారం, చివర అడుగున్నర పొడుగున 30 లేదా 40 పౌండ్ల మోనో (ఒంటి పోగు నైలాన్ దారం), 3/0 నుంచి 5/0 సైజు మందపాటి సర్కిల్ హుక్ (మొన లోపలికి వంగిన గుండ్రటి కొక్కెం). సన్న తీగ కొక్కెం పెడితే దవడతో నలిపి వంచేస్తుంది. ఎరకి చేప ముక్క బాగా పనిచేస్తుంది, క్రాఫిష్ ఇంకా బాగా. ఏ చేపను ఎరగా వాడొచ్చో రాష్ట్ర నిబంధనలు చూసుకోండి. లోతులోకి విసరడం చాలామంది చేసే పొరపాటు. బోఫిన్ ఉండేది రెండు మూడడుగుల నీళ్లలో, తామరాకులూ నాచూ ఉన్న అంచున, పడిపోయిన చెట్టు పక్కన. పొద్దున్నే, సాయంత్రం, చీకటి పడ్డాక బాగా తిరుగుతుంది. దారం కదలగానే లాగకండి. ఎర నోట పట్టుకుని కొంచెం దూరం వెళ్లనిచ్చి, దారం బిగిసినప్పుడు నిదానంగా తిప్పితే సర్కిల్ హుక్ పెదవి మూలలో దిగుతుంది. మరీ ఆలస్యం చేస్తే మింగేస్తుంది.

మామూలుగా పడేవి కిలో నుంచి రెండున్నర కిలోల మధ్య ఉంటాయి. గాలంతో పట్టినవాటిలో రికార్డు 1980లో దక్షిణ కరోలినాలోని ఫ్లోరెన్స్‌లో పడింది, 21 పౌండ్ల 8 ఔన్సులు, అంటే 9.75 కిలోలు.

ఇప్పుడు పులుసు. సూటిగా చెప్పాలంటే పెట్టకండి. కొరమీను ముక్క పులుసులో ఎంతసేపు ఉడికినా బిగువుగా ఉంటుంది, దాని రుచే అది. బోఫిన్ మాంసం చచ్చిన కొద్దిసేపటికే మెత్తబడి పిండిలా అయిపోతుంది, దూది చేప అన్న పేరు అలా వచ్చిందే. ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు చింతపండు పులుసులో వేస్తే గిన్నెలో ముక్కలుండవు, గుజ్జు ఉంటుంది. ఫ్రీజర్లో పెడితే ఇంకా దారుణం. తినాలనుకుంటే చేపను కోసేదాకా బతికించి ఉంచాలి, పట్టినరోజే వండాలి. మొప్పల దగ్గర కోసి రక్తం పూర్తిగా పోనిచ్చి, వెంటనే ఐస్‌లో పాతిపెట్టినట్టు పెట్టండి. పొలుసులు గీకడానికి కష్టపడకండి, అవి గట్టిగా అంటుకుని ఉంటాయి. వెన్నెముక వెంబడి కోసి, రెండు పక్కల మాంసం తోలుతో సహా తీసి, తోలు కిందికి పెట్టి బల్ల మీద పరచండి. పక్క గీత వెంబడి ఉన్న ముదురు ఎరుపు చార కోసి పారెయ్యండి, నీచు వాసనంతా అక్కడే. మిగిలిన మాంసాన్ని చెంచాతో తోలు మీద నుంచి గీకండి. లూసియానాలో ఇలా గీకిన మాంసంతోనే ఉండలు చేసి వేయిస్తారు. మన పద్ధతిలో అయితే అందులో సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి ముద్ద, కొత్తిమీర, ఉప్పు, ఉడికించిన బంగాళాదుంప ఒకటి, గుడ్డు ఒకటి కలిపి కట్‌లెట్లు ఒత్తి వేయించుకోవచ్చు. ముక్కలుగానే కావాలంటే బియ్యప్పిండి పట్టించి, బాగా కాగిన నూనెలో పలచటి ముక్కలు వేపుడు చెయ్యండి.

తినే ముందు ఇంకో లెక్క ఉంది, పాదరసం. బోఫిన్ చాలా ఏళ్లు బతికే వేటచేప, పైగా ఉండేది నల్లటి ఆమ్ల నీళ్లలో. అందువల్ల ఒంట్లో పాదరసం ఎక్కువగా పేరుకుంటుంది. నార్త్ కరోలినా ఆరోగ్య శాఖ సలహా ప్రకారం ఐ-85 రహదారికి దక్షిణంగా, తూర్పుగా పట్టిన బోఫిన్ పాదరసం ఎక్కువున్న చేపల జాబితాలో ఉంది. ఆ జాబితాలోని చేపల్ని గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 15 నుంచి 44 ఏళ్ల ఆడవాళ్లు, 15 ఏళ్లలోపు పిల్లలు అసలు తినకూడదు. మిగతావాళ్లు వారానికి ఒక పూట మించకూడదు. మీరు పట్టిన చోటు ఆ ప్రాంతంలోదే. కడిగితేనో, కొవ్వు తీసేస్తేనో, వేయిస్తేనో పోయేది కాదు, పాదరసం మాంసంలోనే ఉంటుంది. ఇంట్లో చిన్నపిల్లలున్నారని రాశారు కాబట్టి వాళ్లకి పెట్టకండి.

జన గురించి అడిగారు కాబట్టి: బోఫిన్ గుడ్లు తినొచ్చు. లూసియానాలో వాటిని ఉప్పులో ఊరబెట్టి, నల్లటి కేవియార్‌గా అమ్ముతారు, స్టర్జన్ కేవియార్ కంటే చాలా చవక. కానీ అదే నీళ్లలో గార్ కూడా ఉంటుంది, మొసలి మూతిలా పొడుగు నోరు, వజ్రాకారపు గట్టి పొలుసులు. దాని జన విషం. వాంతులు, విరేచనాలతో ఆసుపత్రి పాలవుతారు. కుక్కకీ పిల్లికీ కూడా వెయ్యొద్దు.

చివరగా, వసంతంలో నీరు 16 నుంచి 19 డిగ్రీలకు చేరినప్పుడు బోఫిన్ గుడ్లు పెడుతుంది. మగది నాచు కొరికి శుభ్రం చేసి పళ్లెంలాంటి గూడు చేస్తుంది, గుడ్లు 8 నుంచి 10 రోజుల్లో పొదుగుతాయి. తర్వాత పిల్లలు నల్లటి బంతిలా గుంపు కట్టి తండ్రి వెంట తిరుగుతాయి. చాలామంది కప్ప పిల్లలనుకుంటారు. కొరమీను పిల్లల గుంపు ఎర్రగా నారింజ రంగులో ఉంటుంది కాబట్టి అక్కడ పొరబడే అవకాశం తక్కువ. పిల్లలు 10 సెంటీమీటర్లు అయ్యేదాకా తండ్రి వదలడు. ఆ గుంపు మీదుగా ఏది విసిరినా దూకి కరుస్తాడు, పట్టడం చాలా తేలిక. కానీ ఆ తండ్రిని ఒడ్డుకు లాగి పది నిమిషాలు ఫొటోలు తీసుకుంటూ కూర్చుంటే గుంపును బ్లూగిల్స్ అనే చిన్న చేపలు తినేస్తాయి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా అలాంటి నల్ల గుంపు కనబడితే ఎర అటువైపు విసరకండి, ఇంకో యాభై గజాలు అవతలికి వెళ్లి కూర్చోండి.